మొన అంటే అంతా ఉపరితలమే

వైద్య పరికరాల తయారీ మీద ఈమధ్య ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. ఆపరేషన్లలో కుట్లు వేసే సూదుల గురించి మాట్లాడడానికి వచ్చినాయన ఈ పనిలో తల పండిన మనిషి. తీగ లాగడం దగ్గర మొదలుపెట్టి, ముక్కలు కోయడం, దారం బిగించే బెజ్జం తొలవడం, మొన తీర్చడం వరకు ఒక్కో అడుగూ ఎంతో ఓపికగా విడమరచి చెప్పారు. మొన దాకా వచ్చాక మాత్రం "అసలు పని ఇక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత కడగడం, గట్టిపరచడం, మెరుగు పెట్టడం, సర్దడం, అంతే" అని నాలుగింటినీ ఒక్క ఊపిరిలో ముగించేశారు. విరామంలో ఆయన దగ్గరకు వెళ్లి, ఆ మాట నాకు మింగుడు పడలేదని చెప్పాను. "కడిగితే సూది పాడవుతుందా అమ్మా?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"పాడవుతుంది సార్" అన్నాను. ఎలాగో చెప్పేలోపు తరగతి మళ్లీ మొదలైంది. ఆయనకు చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను చాలాకాలం సూదుల తనిఖీలో పనిచేశాను. ఆ పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: మొన తయారైన క్షణం నుంచి సూది ప్యాకెట్‌లో చేరేదాకా దాన్ని తాకే ప్రతి పనీ, అది ఉత్త నీళ్లతో కడగడమే అయినా సరే, మొన తీర్చే పనిలో భాగమే. సాన దగ్గర కూర్చున్న మనిషికి ఎంత శిక్షణ, ఎంత జీతం, ఎంత అజమాయిషీ ఉంటాయో కడిగే తొట్టి దగ్గర, గట్టిపరిచే కొలిమి దగ్గర నిలబడేవారికీ అంతే ఉండాలి. చాలాచోట్ల అలా లేదు. సాన మీద ఒక్కో సూదినీ విడిగా బిగిస్తారు, మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలుస్తారు. ఆ మరుక్షణమే వేల సూదులను ఒకే బుట్టలో గుమ్మరిస్తారు.

మైక్రోస్కోప్ కింద

మంచి మొనను పెద్దది చేసి చూస్తే పక్క అంచులు సాఫీగా సాగివచ్చి ఒకచోట కలిసిపోతాయి. దెబ్బతిన్న మొన రెండు రకాలుగా కనబడుతుంది. ఉక్కు మెత్తగా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే చివర ఒక పక్కకు ఒరిగి చిన్న కొక్కెంలా తిరుగుతుంది. గట్టిపడ్డాక తగిలితే చివర విరిగిపోయి మొద్దుగా మిగులుతుంది. రెండూ కంటికి ఆనవు, వేలికి తెలియవు. దూది మీద మెల్లగా లాగి చూస్తే మాత్రం కొక్కెం తిరిగిన సూది ఒక పోగును పట్టుకుని లేపుతుంది. ఖరీదైన పరికరాలు ఎన్ని వచ్చినా దూదితో చూడడం నేను మానలేదు.

ఆ పోగు స్థానంలో రక్తనాళం గోడ ఉందనుకోండి, కనుగుడ్డు మీది పొర ఉందనుకోండి. సూది దిగకపోతే సర్జన్ కాస్త ఎక్కువ బలం పెడతారు. బలం పెరిగేకొద్దీ అదుపు తగ్గుతుంది. దిగినప్పుడు కొక్కెం చుట్టుపక్కల కణజాలాన్ని చీల్చుకుంటూ దిగుతుంది. రోగికి ఇదంతా తెలియదు. సర్జన్ ఆ సూదిని పక్కన పడేసి ఇంకొకటి అడుగుతారు. ఆ పడేసిన సూది తయారైన చోటికి తిరిగి వచ్చేది ఎప్పుడో గానీ ఉండదు. కాబట్టి ఫిర్యాదులు లేవంటే సూదులన్నీ బాగున్నాయని అర్థం కాదు.

సాన వల్ల వచ్చిన లోపాన్నీ ఆ తర్వాత తగిలిన దెబ్బనూ వేరుచేసి చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. సాన తప్పు చేస్తే ఒకే తప్పును వరసగా చేస్తుంది. చక్రం ఒక పక్క అరిగితే ఆ పూట తీర్చిన సూదులన్నింటిలోనూ అదే పక్కన అదే లోపం వస్తుంది. బుట్టలో ఒకదానికొకటి తగిలిన సూదులకు అలాంటి క్రమం ఉండదు. ఒకటి కుడికి ఒరుగుతుంది, ఒకటి ఎడమకు, ఒకటి పైకి. మధ్యలో పది సూదులు నిక్షేపంగా ఉంటాయి. తనిఖీలో పక్కన పెట్టిన సూదులను దిక్కుల వారీగా విడదీసి చూసినప్పుడల్లా నాకు ఈ రెండో రకమే ఎక్కువగా కనబడేది. ఆ సూదులను పట్టుకుని సాన విభాగాన్ని నిలదీయడం కూడా చూశాను. అది అన్యాయమని అప్పుడూ చెప్పాను.

కడిగే తొట్టి

మొన తీర్చిన సూది మీద ఏముంటాయి? తీగ లాగినప్పుడు అంటిన సబ్బు, నూనె, సాన నుంచి రాలిన ఇసుకలాంటి రజను, సూది నుంచే రాలిన ఉక్కు పొడి. వీటితో పాటు కంటికి కనబడనిది ఇంకొకటి ఉంటుంది, అయస్కాంతత్వం. సూదులకు ఎక్కువగా వాడే 420 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అతుక్కుంటుంది. సాన మీద అయస్కాంతపు పట్టుతో నిలిపితే ఆ గుణం కొంత సూదిలో ఉండిపోతుంది. అయస్కాంత బలం ఎక్కువగా గుమిగూడేది సన్నటి చివర దగ్గరే. అంటే ఉక్కు పొడి వచ్చి చేరేది మొన మీదికే. కడిగే ముందు ఈ అయస్కాంతత్వాన్ని పోగొట్టకపోతే ఎంత మంచి సబ్బునీళ్లు పోసినా పొడి వదలదు. అలా వదలని పొడితోనే కొలిమిలోకి వెళ్తే అది మొనకు అతికి, సూదిలో భాగమైపోతుంది.

ఇక అల్ట్రాసోనిక్ తొట్టి. దీని మీద చాలామందికి గుడ్డి నమ్మకం. ద్రవంలో ధ్వని తరంగాలు పుట్టిస్తే సూక్ష్మమైన బుడగలు ఏర్పడి చిట్లుతాయి, ఆ చిట్లే శక్తి మురికిని ఊడదీస్తుంది. పని చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే అదే తొట్టిలో పల్చటి అల్యూమినియం రేకును కాసేపు వేలాడదీసి తీసి చూడండి, రేకు నిండా చిల్లులు పడి ఉంటాయి. తొట్టి సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి వాడే పరీక్షే అది. 25 కిలోహెర్ట్జ్ దగ్గర బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది. 80 కిలోహెర్ట్జ్ దాటితే బుడగలు చిన్నవి, దెబ్బ మెత్తన. మొద్దు పరికరాలు కడగడానికి కొన్న తొట్టిలోనే మొన తీర్చిన సూదులనూ వేసే చోట్లు ఉన్నాయి. బుడగల దెబ్బ అలా ఉంచి, తొట్టి కంపనంతో బుట్టలోని సూదులు ఆగకుండా వణుకుతూ ఒకదాని మొనతో ఇంకొకదాని ఒంటిని పొడుస్తూనే ఉంటాయి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ శుభ్రం అనుకుని సమయం పెంచేవారికి ఈ సంగతి గుర్తు చేస్తూ ఉండాలి.

వంపు సూదులతో ఇంకో చిక్కు. అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ముద్దగా చిక్కుపడ్డ సూదులను విడదీయడానికి బుట్టను పట్టుకుని చేటలో బియ్యం చెరిగినట్టు ఎగరేయడం నేను కళ్లారా చూశాను. ఆ పని చేస్తున్న అబ్బాయిని తప్పుపట్టలేను. అలా చేయకూడదని అతనికి చెప్పినవారు లేరు, వేరే దారి చూపించినవారూ లేరు. అదే తొట్టి దగ్గర అంతకుముందు పనిచేసిన ఒక పెద్దావిడ మాత్రం ఖాళీ బుట్టను ముందుగా ద్రవంలో ముంచి, పళ్లెంలోని సూదులను నీటి లోపలే మెల్లగా జార్చేది. ద్రవంలో సూది నెమ్మదిగా దిగుతుంది, దెబ్బ గట్టిగా తగలదు. "పొడిగా పోస్తే గలగలమంటాయి. ఆ చప్పుడు వింటే నాకు భయం" అనేది. ఆ మాటను పనివిధానంలో రాసిపెట్టిన అధికారి ఒక్కరూ లేరు. ఆవిడ వెళ్లిపోయాక ఆ పద్ధతీ ఆవిడతోనే పోయింది.

దారం బిగించడానికి సూది వెనుక చివర తొలిచే బెజ్జం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ బెజ్జానికి అవతలి దారి లేదు, కొంత లోతు వెళ్లి ఆగిపోతుంది. నూనె అందులో చేరితే మామూలు కడుగుడుకు రాదు. పైన గాలి బుడగ అడ్డుపడి ద్రవం లోపలికే వెళ్లదు. తొట్టి మీద వాక్యూమ్ పెట్టి గాలిని లాగి, మళ్లీ వదిలితే గానీ ద్రవం లోపల తిరగదు. ఆ నూనె అలాగే కొలిమిలోకి వెళ్తే మాడి బొగ్గవుతుంది, చుట్టూ ఉక్కులోకి కార్బన్ ఎక్కుతుంది. యాసిడ్ చిక్కుకుంటే ఇంకా ప్రమాదం, కొన్నాళ్ల తర్వాత వెనుక అంచు చుట్టూ గోధుమరంగు మచ్చగా బయటపడుతుంది.

కడిగాక ఆరబెట్టడం కూడా చిన్న పనేమీ కాదు. 420 రకం ఉక్కు గట్టిపడక ముందు తుప్పుకు తట్టుకోలేదు. క్రోమియంలో కొంత భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్ రేణువులుగా బందీ అయి ఉంటుంది. కొలిమిలో వేడెక్కినప్పుడే అది కరిగి ఉక్కులోకి వచ్చి కాపలా కాయగలుగుతుంది. స్టెయిన్‌లెస్ అన్న పేరును నమ్మి, కడిగిన సూదులను తడిగా రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు మొన మీద సన్నటి గుంటలు ఉంటాయి.

కొలిమి

1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో లోహ శాస్త్రవేత్త హ్యారీ బ్రియర్లీ పోత పోయించిన తుప్పుపట్టని ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి. నేటి 420 రకం దానికి దగ్గరి చుట్టమే. ఆ ఉక్కును 1000 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, చప్పున చల్లార్చి, పెళుసుదనం తగ్గడానికి మళ్లీ తక్కువ వేడిలో ఉంచితే, అంటే టెంపర్ చేస్తే, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలతలో 50 ప్రాంతానికి గట్టిపడుతుంది. పుస్తకాలన్నింటిలో ఇంతే ఉంటుంది. అవి చెప్పేది ఉక్కు ముక్క గురించి. మొన సంగతి వేరు.

లెక్క చూడండి. కొలిమిలో కాస్త గాలి మిగిలి ఉంది, సూది పైపొరలో 5 మైక్రాన్ల మేర, ఈ ఉక్కుకు గట్టిదనమిచ్చే కార్బన్ ఎగిరిపోయిందనుకుందాం. 800 మైక్రాన్ల మందం ఉన్న సూది ఒంటికి అది వ్యాసంలో నూటికి ఒకటింపావు వంతు. ఎవరూ పట్టించుకోనక్కరలేదు. అదే సూది మొన దగ్గర, మందం 20 మైక్రాన్లకు తగ్గిన చోట, రెండు వైపులా 5 పోతే గట్టి ఉక్కుగా మిగిలేది 10 మైక్రాన్లు. అడ్డకోత వైశాల్యంలో నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ మెత్తన. ఇంకా ముందుకు వెళ్తే గట్టి ఉక్కు అసలు లేదు. మొన అంటే అంతా ఉపరితలమే. పైపొరకు మాత్రమే పరిమితమనుకునే ప్రతి నష్టమూ అక్కడ లోపలికంటా జరిగే నష్టమే.

నా వాదనకు ఆధారం ఇదే. గట్టిదనం కొలిచేది సూది నడుము దగ్గర. వంచి చూసే పరీక్షలో, అంటే ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన ఎఫ్ 1874 పద్ధతిలో, బలం పడేదీ ఒంటి మీదే. ఈ రెండింటిలో నెగ్గిన సూది మొన మెత్తగా ఉండవచ్చు. గుచ్చి చూసే పరీక్ష ఉంది, దానికి ఎఫ్ 3014 అనే ప్రమాణం కూడా వచ్చింది, దాని విలువను నేను తక్కువ చేయను. కానీ అది అన్నీ అయ్యాక, సిలికోన్ పూత పూశాక, కొన్ని నమూనాల మీద చేసేది. నున్నటి పూత మొదటి పోటులో చాలా లోపాలను కప్పేస్తుంది. కుట్టు మీద కుట్టు వేస్తుంటే పూత తగ్గుతుంది, మొన అసలు రూపం అప్పుడు బయటపడుతుంది.

గాలి లేకుండా చేస్తే సరిపోతుందని వాక్యూమ్ కొలిమి వాడతారు. మంచిదే. అయితే గాలి పూర్తిగా తీసేసి అంత వేడి పెడితే క్రోమియం ఆవిరై పోవడం మొదలవుతుంది. అది పోయేదీ ఉపరితలం నుంచే. అందుకే కొద్దిపాటి ఆర్గాన్ లాంటి వాయువును లోపల ఉంచుతారు. వాక్యూమ్‌లో ఇంకో సంగతి ఉంది. బాగా శుభ్రపడిన రెండు ఉక్కు ముఖాలు ఆ వేడిలో ఒకదానినొకటి ఆనుకుని ఉంటే అతుక్కుపోతాయి. కడగడం ఎంత బాగా కుదిరితే ఈ అతుకు అంత బాగా కుదురుతుంది! బుట్టలో కుప్పగా పోసిన సూదులను బయటికి తీసి, అతుక్కున్న జంటలను చేత్తో విడదీసినప్పుడు విడిపోయేది ఏ చోటో ఊహించడం కష్టం కాదు.

చల్లార్చడానికి ఇంత సన్నటి సూదులకు నూనె అవసరం లేదు, నైట్రోజన్ వాయువు చాలు. నూనెలో ముంచకపోతే మళ్లీ కడిగే బాధ తప్పుతుంది, అందుకే నేను వాయువు పక్షమే. కానీ వాయువును ఒత్తిడితో ఊదితే తేలికైన సూదులు బుట్టలో ఎగిరి దొర్లుతాయి. అప్పటికి అవి గట్టిపడుతూ ఉంటాయి, ఇంకా టెంపర్ కాలేదు, అంటే సూది జీవితంలో అన్నిటికంటే పెళుసుగా ఉండే సమయం అది. కొలిమి తలుపు మూసి ఉంటుంది కాబట్టి ఆ దెబ్బలు ఎవరికీ కనబడవు. టెంపర్ చేసేటప్పుడు 425 నుంచి 550 డిగ్రీల మధ్యకు పోతే ఈ ఉక్కు గట్టిదనాన్ని నిలుపుకుంటూనే పెళుసుబారుతుంది, తుప్పుకు కూడా లొంగుతుంది. గట్టిదనం ఒక్కటే కొలిచేవారికి అక్కడ తేడా తెలియదు.

కొలిమి సరిగా లేక సూదుల మీద రంగు పొర వస్తే, దాన్ని తీయడానికి యాసిడ్‌లో ముంచుతారు. ఒక లోపాన్ని కప్పడానికి ఇంకో లోపం ఇక్కడే మొదలవుతుంది. యాసిడ్ ఉక్కుతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కు లోపలికి ఇంకుతుంది. గట్టి ఉక్కును అది లోలోపల పెళుసు చేస్తుంది. దీని స్వభావం ఆలస్యంగా బయటపడడం. ఒకచోట జరిగింది చెబుతాను. యాసిడ్ నుంచి తీసిన సూదులు సాయంత్రం పరీక్షలన్నీ నెగ్గాయి. దారం బిగించి, వెనుక చివర నొక్కి పెట్టారు. మర్నాడు చూస్తే నొక్కిన చోట కొన్నింటికి పొడవునా పగుళ్లు. రాత్రంతా వాటిని తాకినవారు లేరు. నొక్కినప్పుడు మిగిలిపోయిన ఒత్తిడీ, లోపల ఇంకిన హైడ్రోజన్ కలిసి చేసిన పని అది. యాసిడ్ తర్వాత ఆలస్యం చేయకుండా 190 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు వేడిలో ఉంచితే హైడ్రోజన్ చాలావరకు వెళ్లిపోతుంది. ఆ రోజు ఆ అడుగు దాటేశారు, సరుకు పంపే తొందరలో.

మెరుగు పెట్టే ఎలక్ట్రోపాలిషింగ్‌లోనూ ఇదే కథ. ఫాస్ఫారిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల మిశ్రమంలో విద్యుత్తు పంపి పైపొరను కరిగిస్తారు. విద్యుత్తు గుమిగూడేది పొడుచుకు వచ్చిన చోట. సాన వదిలిన ముళ్లు ముందు కరుగుతాయి, అందుకే మెరుపు వస్తుంది. మొన కూడా పొడుచుకు వచ్చినదే కదా. కొద్దిగా ఎక్కువసేపు ఉంచితే కోసే అంచులు గుండ్రపడతాయి, సూది మాత్రం అద్దంలా మెరుస్తుంది. మెరుపును చూసి మార్కులు వేసేవారికి ఆ సూదే అన్నిటికంటే బాగుంటుంది.

రెడిచ్ సూదులు

నా వాదనకు గట్టి జవాబు ఒకటి ఉంది, అది చరిత్రలో ఉంది. ఇంగ్లండ్‌లోని రెడిచ్ పట్టణం ఒకప్పుడు లోకానికంతటికీ సూదులు పంపింది. అక్కడి ఫోర్జ్ మిల్‌లో నీటిచక్రంతో నడిచే యంత్రాలు ఇప్పటికీ మ్యూజియంలో ఉన్నాయి. గట్టిపరిచి, టెంపర్ చేసిన సూదులను వేలకు వేలు గోనెగుడ్డలో మూటగట్టి, సబ్బు, రాతిపొడి కలిపి, బరువైన పలకల కింద రోజుల తరబడి ముందుకూ వెనక్కూ దొర్లించేవారు. అప్పటికే మొనలు తీర్చి ఉండేవి. విడివిడిగా పట్టుకోవడం లేదు, మెత్తటి తొట్టి లేదు. మరి మొనలు ఎలా బతికాయి?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. జవాబు ఆ మూట కట్టే తీరులో ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. సూదులన్నింటినీ ఒకదానికొకటి సమాంతరంగా పడుకోబెట్టి, పక్కపక్కనే బిగుతుగా చుట్టేవారు. సూదులు తమ ఒంటి చుట్టూ దొర్లుతాయి, ఒకదాని ఒళ్లు ఇంకొకదాని ఒంటితో రాసుకుంటుంది. ఒక మొన ఇంకొక సూదిని అడ్డంగా పొడిచే సందు లేదు. అంతా అయ్యాక కూడా మొనలను చిన్న సాన మీద మళ్లీ సరిచేసేవారు. అంటే కుప్పగా చేయడంలోనూ దిశ పోకుండా చూసుకున్నారు, మొనకు ఎంతోకొంత నష్టం తప్పదని ఒప్పుకుని చివర్లో దాన్ని సరిదిద్దారు. కనుక కుప్ప పద్ధతి పనికిరాదని నేను అనలేను. దిశ లేని కుప్ప పనికిరాదంటాను. వంపు తిరిగిన సూదులను అలా మూట కట్టడం కుదరదు, గట్టిపడిన కోసే అంచులను మళ్లీ సాన పట్టడమూ తేలిక కాదు. ఆ రెండు కారణాల వల్ల రెడిచ్ పద్ధతి నేటి కుట్టు సూదికి అక్కరకు రాదు.

రెడిచ్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ మొనలు తీర్చిన కార్మికులు పొడి సానల మీద వంగి పనిచేస్తూ, ఉక్కు, రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే చనిపోయేవారు. మొన ఒక్కదాని మీదే దృష్టి పెట్టి, దాని చుట్టూ ఉన్న మనుషులను మరిచిపోతే ఏమవుతుందో ఆ పట్టణం చూసింది.

పట్టు ఎక్కడ

విడివిడిగా పట్టుకోవాలనే మాటకు తయారీదారులు చెప్పే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. లోహపు పట్టీ మీద వరసగా బిగించి తొట్టిలోంచి, కొలిమిలోంచి నడిపించాలంటే ఆ పట్టీ అదే వేడినీ అదే యాసిడ్‌నూ తట్టుకోవాలి. పట్టీ కింద ఉన్న భాగానికి ద్రవం చేరదు, అక్కడ నూనె మిగులుతుంది, యాసిడ్ ఇరుక్కుంటుంది. పట్టు గుర్తు పడుతుంది. సూదిని ఎక్కడ పట్టుకున్నా ఏదో ఒక నష్టం ఉంది. ముందు భాగాన్ని ఎలాగూ పట్టుకోలేం. వెనుక చివర బెజ్జం ఉంది, నొక్కుకుపోతుంది. మధ్యలో పట్టుకుందామంటే ఆపరేషన్‌లో సర్జన్ చేతిలోని పట్టుకారు, అంటే నీడిల్ హోల్డర్, పట్టేదీ, సూది వంగేదీ దాదాపు అక్కడే, అక్కడ గీత పడితే విరగడానికి దారి ఇచ్చినట్టే. బెజ్జం ఆగిపోయే చోటుకూ హోల్డర్ పట్టే చోటుకూ మధ్య కొద్దిపాటి జాగా ఉంటుంది. నా మటుకు నేను ఆ జాగానే ఎంచుకుంటాను. పెద్ద సూదుల్లో అది సరిపోతుంది. 10-0 అనే అతి సన్నటి దారానికి వాడే సూదులు 70 మైక్రాన్ల మందంతో కూడా ఉంటాయి, అక్కడ ఈ మాట చెప్పినంత తేలిక కాదు.

ఖర్చు సంగతి మాత్రం నేను అంత తొందరగా ఒప్పుకోను. పట్టీల ఖర్చు లెక్కల్లో కనబడుతుంది. కుప్పలో పాడైన సూదులను ఏరివేయడానికి మైక్రోస్కోప్‌ల దగ్గర కూర్చునేవారి జీతం తనిఖీ పద్దులోకి పోతుంది కాబట్టి అది కడిగే ఖర్చని ఎవరూ అనరు. ఆ రెండూ ఒకే పద్దులో రాసి చూడాలి. పైగా రోజంతా మొనలను చూసే కళ్లు సాయంత్రానికి ఎంత అలిసిపోతాయో నాకు తెలుసు. చివరి తనిఖీ జల్లెడ లాంటిదని నమ్మేవారు ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

ముందు గట్టిపరిస్తే?

ఇంకో దారి ఉంది, నా మొగ్గు అటే. మోటుపనులన్నీ మొన రాకముందే ముగించడం. 455 లాంటి ఉక్కులో కార్బన్ బహు తక్కువ. దాని బలం నికెల్, టైటానియం కలిసి ఏర్పడే అతి సూక్ష్మ రేణువుల నుంచి వస్తుంది. తీగగా లాగినప్పుడే కొంత బలం వస్తుంది, మిగతాది 480 నుంచి 510 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే వస్తుంది. చప్పున చల్లార్చే పని లేదు, వాయువు ఊదే పని లేదు, 1000 డిగ్రీల్లో అతుక్కుపోయే భయం లేదు, కార్బన్ ఎగిరిపోతుందన్న బెంగ లేదు. 302 రకంలో అయితే కొలిమితో గట్టిపరచడమే ఉండదు, తీగ లాగడంలో వచ్చిన బలమే దాని బలం.

దీనికీ సందేహాలు ఉన్నాయి. గట్టిపడిన తీగను సాన పడితే సాన తొందరగా అరుగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. ఆ వేడి మళ్లీ మొన దగ్గరే చేరి దాన్ని మెత్తబరుస్తుంది. కొలిమి నుంచి తప్పించి సాన చేతిలో పెట్టినట్టవుతుంది. బలమైన తీగను వంపు తిప్పితే వెనక్కి లేస్తుంది, ఎక్కువ వంచితే బయటి వైపు సన్నటి పగుళ్లు వస్తాయి. 302 సూది వంగినంత తేలిగ్గా విరగదు గానీ, బలంలో మిగతావాటికి సాటి రాదు. ఇవన్నీ తెలిసే నేను ఈ దారిని ఎంచుకుంటున్నాను. కారణం ఒక్కటే, సాన దగ్గర పుట్టిన వేడి తప్పును సాన దగ్గరే పట్టుకోవచ్చు. అది వరసగా వస్తుంది, ఒకే చోట వస్తుంది, మనిషి కళ్లముందు వస్తుంది. తలుపు మూసిన కొలిమిలో, మూత పెట్టిన తొట్టిలో జరిగే తప్పుకు ఈ మూడు గుణాలూ లేవు.

ఉక్కు మార్చే స్థోమత లేనివారు కూడా రేపే మొదలుపెట్టగల పని ఒకటి ఉంది. ఆఖరి తనిఖీలో సగం మందిని అక్కడి నుంచి లేపి, తొట్టికి ముందూ వెనుకా, కొలిమికి ముందూ వెనుకా కూర్చోబెట్టండి. ప్రతి అడుగు దగ్గరా కొన్ని సూదులు తీసి, మొన చూసి, దూది మీద లాగి, రాసిపెట్టండి. పాడవుతున్నది ఎక్కడో వారం తిరగకముందే బయటపడుతుంది. దాంతోపాటు డ్రాయింగ్ మీద గట్టిదనం కొలవమని నడుము దగ్గర వేసిన బాణం గుర్తును ముందుకు జరపండి. 10 గ్రాముల బరువుతో వికర్స్ పరీక్ష, అంటే చిన్న వజ్రపు మొనను నొక్కి గట్టిదనం కొలిచే పరీక్ష, చేస్తే ఈ ఉక్కు మీద పడే గుర్తు సుమారు 6 మైక్రాన్లు. సూదిని నిలువునా కోసి, నునుపు చేసి, వెడల్పు 30 మైక్రాన్లకు తగ్గే చోటు దాకా ఆ పరీక్ష చేయవచ్చు. ఆ చోట వచ్చిన అంకె నడుము దగ్గరి అంకెతో సరిపోలకపోతే ఆ కొలిమిలో ఆ రోజు గట్టిపరిచిన సరుకు ప్యాకింగ్‌కు పోకూడదు, వంచి చూసే పరీక్షలో ఎంత బాగా నెగ్గినా సరే.